ఆరు నుంచి నాలుగుకు

పాల కర్మాగారంలో ఆమెను చుక్కలమ్మ అంటారు. పరీక్షగదిలో కిటికీ పక్క బల్ల ఆమెది. ఒక వంతు పాలలో తొమ్మిది వంతుల నీళ్ళు కలుపుతుంది. అందులోంచి ఒక వంతు తీసి మళ్ళీ తొమ్మిది వంతులు. సూక్ష్మజీవులు లెక్కకు అందేంత పలచబడేదాకా అలా కలుపుతూనే ఉంటుంది. గాజు గొట్టాల్లో తెలుపు తనను తాను మరిచిపోతున్నట్టు వెలిసిపోతుంది. బయటినుంచి ఎవరైనా "ఈ పూట ఎంత?" అని కేకేస్తే "ఆరు" అంటుంది, లేదా "అయిదు". పది లక్షలని పలకడానికి అక్కడ ఎవరికీ ఓపిక ఉండదు.

చెల్లెలి రక్తపరీక్ష కాగితం వచ్చిన రోజు కూడా అదే నోటితో, "ఆరునుంచి నాలుక్కి దిగిందే" అంది. గొంతులో సంతోషం లేదు, దిగులూ లేదు. చెల్లెలి ఒంట్లో వైరస్ ఉందని తెలిసినప్పటినుంచి ఆమెకు అన్నీ దూదిలోంచి వినిపిస్తున్నట్టే ఉన్నాయి.

చెల్లెలు మాత్రల డబ్బాకు మూతపెట్టి అవతలికి తోసేసింది.

"కడుపులో తిప్పుతున్నా ఏడాదంతా మింగితే, తగ్గింది రెండా? కూరలామె అడక్కుండానే అంతకన్నా తగ్గిస్తుంది. ఇక నావల్ల కాదక్కా. మానేస్తున్నా."

"మానేస్తే మళ్ళీ పెరుగుతుందే."

"పెరగనీ. రెండేగా."

అక్క గుండె ఝల్లుమనాలి. అనలేదు. కాళ్ళు మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళాయి. మూడు గాజు గ్లాసులు, నీళ్ళ చెంబు, చెంచా, సిరాబుడ్డి తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఏంటిది, గారడీనా?"

"నోర్మూసుకుని చూడు."

మొదటి గ్లాసులో సిరా వంచింది. అందులోంచి ఒక చెంచా రెండో గ్లాసులో వేసి తొమ్మిది చెంచాల నీళ్ళు కలిపింది. దాంట్లోంచి ఒక చెంచా మూడోదాంట్లోకి, మళ్ళీ తొమ్మిది.

"ఆరు పదులు వరసపెట్టి గుణిస్తే ఎంత?"

చెల్లెలు వేళ్ళు ముడిచింది. "పది లక్షలు."

"బళ్ళో పది నెత్తిన బుల్లి ఆరు వేసేవాళ్ళం, గుర్తుందా? ఘాతాంకం. దాన్నే తిరగేసి, పది లక్షలు రావాలంటే ఎన్ని పదులు గుణించాలి అని అడిగితే?"

"ఆరు."

"అదే సంవర్గమానం. నీ కాగితంలో ఉన్నది అది. వైరస్ ఎంతుందో కాదు, ఎన్ని పదులు గుణిస్తే అంతవుతుందో చెబుతుంది. నాలుగు పదులైతే?"

"పదివేలు." చెల్లెలు ఆగింది. "పది లక్షలు కాస్తా పదివేలయిందా?"

"ఒకటి తగ్గితే మిగిలేది పదో వంతు. రెండు తగ్గితే నూరో వంతు. అదుగో, ఆ మూడో గ్లాసు. పనిలో మాట ఇంటికి మోసుకొచ్చా, నాదే తప్పు."

చెల్లెలు మూడో గ్లాసును వెలుతురులోకి ఎత్తింది. పొద్దుగూకాక ఆకాశంలో కాస్త మిగిలే రంగు.

"ఇంకా నీలం ఉంది."

"ఉంది. అందుకే మానొద్దంటున్నా."

చెల్లెలు గ్లాసును బల్లమీద దించింది. తర్వాత డబ్బా దగ్గరికి లాక్కుని, మూత తీసి, మాత్రను నాలుకమీద పెట్టుకుంది. "నీళ్ళివ్వు" అంది ముద్దగా. "సిరా లేనివి."

అక్క తెచ్చి ఇచ్చింది. చెల్లెలి గొంతు కదలడం చూసింది. సంతోషం రావలసిన చోటికి ఏమీ రాలేదు. వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడింది.