మూల మడి లెక్క

మా మనవరాలికి బళ్ళో ఇచ్చే కాగితాల నిండా గళ్ళే. కొన్నింటిలో అంకెలుంటాయి, కొన్ని ఖాళీ. ఖాళీ గడిలో దాని పొరుగు గళ్ళ మొత్తం వెయ్యాలి. ఒకవైపే అచ్చయిన కాగితం రెండో వైపు వృథా పోనివ్వడం నాకు నచ్చదు గనుక అవన్నీ దాచిపెడతాను. మొన్న అలా మడవబోతూ పైనున్న వాక్యం కూడబలుక్కుని చదివాను. మూల గళ్ళను కూడా కలుపుకోవాలట. అంత వివరంగా రాసి ఉండడం చూసి, మడవడం ఆపి మనవరాలిని పిలిచి నా పలక సంగతి చెప్పాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి మాన్వి అనే ఊరి పక్కకు వలస వచ్చి పాకలు వేసుకున్న మా క్యాంపుల్లో బడి అంటే ఒక రేకుల షెడ్డు, ఒకే ఒక మేష్టారు. మూడో తరగతి దాకా అక్కడే, ఆపైన చదవాలంటే మాన్విలో మేనత్త ఇంట్లో ఉండాలి. మా నాన్న పంపుతాననీ అనలేదు, పంపననీ అనలేదు. వచ్చి మేష్టారుతో మాట్లాడతానన్నాడు. నాకు మాత్రం వెళ్ళాలనే ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

నాట్లకు మనుషులు దొరకని రోజుల్లో, ఒక పొద్దున నాన్న వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. నా తెలివి చూపిద్దామని కాబోలు, మేష్టారు నా పలక మీద తొమ్మిది గళ్ళు గీసి, నడిమిది ఖాళీగా ఉంచి, పొరుగు గళ్ళన్నీ కూడి అందులో వెయ్యమన్నారు. నాలుగు పక్కలవీ కలిపి పది వేశాను. మూలల్లో ఉన్న నాలుగు ఒకట్ల జోలికి పోలేదు.

"మూలలవి వదిలేశావేమే? అవి పొరుగు కావూ?" అన్నారు మేష్టారు.

"ఎందుకవుతాయండీ? మన మడిలోంచి మూల మడికి నీళ్ళు పారవు కదా. గట్టు కలిస్తేనే పొరుగు."

పిల్లలు పగలబడి నవ్వారు. పద్నాలుగు రావాలని మేష్టారు చెబుతూనే ఉన్నారు, నాన్న మురిసిపోయి లోపలికే వచ్చేశాడు.

"చూశారా మేష్టారూ! నాకు మీసాలొచ్చాక తెలిసిన సంగతి దీనికి అప్పుడే తెలిసిపోయింది. ఇంకేం చదవాలండీ ఇది? పదవే, నారు ఎండిపోతోంది."

నాన్న నన్ను నలుగురిలో మెచ్చుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. మధ్యాహ్నానికి మోకాలిలోతు బురదలో ఉన్నాను. ఆ పూట పద్నాలుగు వేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నాట్లు మాత్రం వరస తప్పకుండా వేశాను, ఆ తరవాత నలభై ఏళ్ళు వేస్తూనే ఉన్నాను.

ఇదంతా విని, "మాన్వి వెళ్తానని అడగలేదా నాయనమ్మా?" అంది మనవరాలు. లేదు. అడగవచ్చునని నాకు తోచనే లేదు. ఈ పిల్ల పొద్దస్తమానం అడుగుతూనే ఉంటుంది, ఇదెందుకు, అది కాదేం అని. విసుక్కుంటాను, ఒక్కోసారి కసురుతాను కూడా. జవాబు చెప్పకుండా మాత్రం లేచి వెళ్ళను.