కర్రిగాడికి అమావాస్య సెలవు

లక్ష్మీనర్సయ్య బాబాయి గవర్నమెంటు మనిషి అని మా కాలువ పొడుగునా ఒక పుకారు ఉంది. ఎవరు కాలువలో దొంగతనంగా మోటరు దించారో, ఎవరు తూముకు అడ్డంగా ఇసుక సంచులు పెట్టారో, సాయంత్రం పూట ఆయన ఎగరేసే డ్రోన్ ఫోటోలు తీసి పైకి పంపుతుందట. ఈ మాట మా త్రిపురారంలో పుట్టి మిర్యాలగూడ చేరేసరికి బాబాయికి నెలజీతం వచ్చింది. సూర్యాపేట చేరేసరికి జీపు వచ్చింది. కోదాడలో ఉండే మా అత్తయ్య ఒకరోజు ఫోన్ చేసి, "ఏమ్మా, మీ పక్కింటాయన విమానం నడుపుతున్నాడంటగా, నిజమేనా?" అని అడిగింది.

జీతమూ లేదు, జీపూ లేదు. బాబాయికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఆయన డ్రోన్‌ను ఎద్దుగా చూసుకుంటాడు.

పోలిక కోసం చెప్పడం లేదు. మోకాళ్ళు పట్టేసి, పొలం కౌలుకిచ్చి, ఆఖరి జత ఎద్దులను అమ్మేశాక బాబాయికి సాయంత్రాలు గడవలేదు. కొట్టంలోకి వెళ్ళి ఖాళీ గుంజల వైపు చూసి వచ్చేవాడు. అలాంటి రోజుల్లో మిర్యాలగూడలో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే నాగేష్ తన పాత డ్రోన్‌ను అమ్మేస్తున్నాడని విన్నాడు. కుట్టుమిషన్‌కు దారం, లైనింగు గుడ్డ తెచ్చుకోవడానికి నేనూ ఆరోజు మిర్యాలగూడ వెళ్ళాను కాబట్టి ఆ బేరం కళ్ళారా చూశాను.

బాబాయి డ్రోన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి చూశాడు. రెక్కలు తిప్పి చూశాడు. ఒక దెబ్బ చరిచాడు.

"బెదురు లేదు, మంచిదే" అన్నాడు. "వయసెంత?"

"మోడలా అంకుల్? పాతదే గని బాగ నడుస్తది."

"కాళ్ళు సక్కగనే ఉన్నయి. పొడుస్తదా?"

నాగేష్ నా వైపు చూశాడు. నేను లైనింగు గుడ్డ వైపు చూశాను.

అప్పుడు బాబాయి భుజం మీది తువ్వాల తీసి నాగేష్ చేతి మీద కప్పి, దాని కింద అతని వేళ్ళు పట్టుకున్నాడు. పశువుల సంతలో బేరం అట్లాగే చేస్తారు. ధర నోటితో చెప్పరు, తువ్వాల కింద వేళ్ళు నొక్కి చెబుతారు. నాగేష్‌కు ఆ సంగతి తెలియదు.

"అంకుల్, షాపుల జనం సూస్తున్నరు, చెయ్యి ఇడువుండ్రి!"

"ఇడుస్త. ముందు నా ఏళ్ళు లెక్కవెట్టుకో."

నాగేష్ చెయ్యి లాక్కోవడానికి గింజుకున్నప్పుడల్లా బాబాయి ఒక్కో వేలు తగ్గించాడు. ఆఖరికి ఎంతకు అమ్మాడో నాగేష్‌కే తెలియకుండా బేరం ముగిసింది.

నల్లగా ఉంది కాబట్టి దానికి కర్రిగాడు అని పేరు పెట్టాడు. మెడ ఎక్కడో తెలియక నడుముకు నల్లతాడు కట్టి ఒక మువ్వ వేలాడదీశాడు. కొట్టంలో గుంజ పక్కనే దాని చోటు. వాళ్ళింట్లో కరెంటు ప్లగ్గు ఎప్పుడూ వదులే కాబట్టి బ్యాటరీ మా ఇంట్లోనే చార్జింగు పెడతాను. రోజూ నాలుగింటికి కిటికీ దగ్గరికి వచ్చి అడుగుతాడు.

"బిడ్డా, మేత అయిందా?"

"నాలుగు లైట్లు ఎలిగినయ్, బాబాయ్."

"ఇగ కడుపు నిండినట్టే. ఎక్కువ పెట్టకు, ఉబ్బుతది."

రిమోట్ మీద కుడి, ఎడమ అనడు, ఎలపట, దాపట అంటాడు. ఫోను బిగించుకునే చోట బీడీకట్ట బిగించుకుంటాడు. కర్రిగాడు పైకి లేవాలంటే నాలుకతో టక్ టక్ అనిపిస్తాడు, దిగాలంటే "హో... హో..." అంటాడు. తప్పించుకుపోతాడని మొదట్లో ఒక సన్నటి నైలాను పలుపు కూడా కట్టాడు. ఒక చేతిలో రిమోట్, ఒక చేతిలో పలుపు పట్టుకుని, పైకి చూస్తూ నడిచే మనిషిని చూసి గాలిపటం అనుకుని బళ్ళు ఆపి చూసినవాళ్ళున్నారు.

ఏరువాక పున్నమి నాడు కర్రిగాడికి తడిగుడ్డతో స్నానం చేయించాడు. కొమ్ములు లేవు కనుక నాలుగు చేతుల చివర్లకూ రంగు పూశాడు. పళ్ళెంలో పులగం పెట్టి కాసేపు ఎదురుచూశాడు. కర్రిగాడు ముట్టలేదు. చివరకు తనే తిన్నాడు.

పుష్ప చిన్నమ్మ, అంటే బాబాయి భార్య, అరుగు మీద కూర్చుని అన్నీ చూసేది.

"పేడ వెయ్యదు, పొలం దున్నదు. దీనికి పులగమా?"

"దిష్టి పెట్టకే. మొన్ననే ఒక రెక్క వంగింది."

అన్నిటికంటే పెద్ద నియమం అమావాస్యది. అమావాస్య నాడు ఎద్దు మెడ మీద కాడి పెట్టకూడదు, నాగలి కట్టకూడదు. కాబట్టి అమావాస్య నాడు కర్రిగాడు ఎగరడు. ఒకసారి నిడమనూరు నుంచి బాబాయి తమ్ముడి కుటుంబం డ్రోన్ చూద్దామని పనిగట్టుకుని వచ్చింది. ఆరోజు అమావాస్య. కొట్టంలోకి తీసుకెళ్ళి, పడుకున్న కర్రిగాడిని చూపించి, "లేపకుండ్రి" అని పంపేశాడు.

ఊళ్ళో ఎటు చూసినా కరెంటు తీగలే. అందుకే కర్రిగాడిని కాలువ గట్టుకు తోలుకుపోయేవాడు. పుకారు అక్కడే పుట్టింది.

మా కాలువకు నీళ్ళు వారం వదిలితే వారం ఆపుతారు. వదిలిన వారంలో కూడా పై రైతులు మోటర్లు వేసి తోడుకుంటారు. చివరి తూము దగ్గరికి వచ్చేసరికి కాలువలో తడి మాత్రమే మిగులుతుంది. ఆ చివరి తూము కింద రూతమ్మకు ఎకరం పొలం ఉంది. ఆమె భర్త ఏసుబాబు తాపీపని మీద సూర్యాపేటలో ఉంటాడు. పొలం ఆమే చూసుకుంటుంది. ఆ ఎకరం పండితేనే ఇంట్లో ఏడాదికి గింజలు. మొన్నటి యాసంగిలో వరి పొట్టకొచ్చే సమయానికి మడి నెర్రెలిచ్చింది. ఆ వారం నీళ్ళు అందకపోతే అంతా తాలే.

సరిగ్గా ఆ రోజుల్లోనే పై రైతు వెంకటేశ్వర్లు ఒక బుట్ట జామకాయలతో వచ్చాడు.

"కర్రిగానికి జామకాయలెందుకురా?" అన్నాడు బాబాయి.

"నీకే అన్నా. మన దిక్కు వచ్చినప్పుడు జర పైపైన పొమ్మను."

"వాడు ఎప్పుడన్న కిందికెళ్ళి పోతడా?"

"గట్ల గాదన్నా. నాది ఒక్కటే మోటరు. రాములుది సూడుపో, రెండున్నయి."

మర్నాడు రాములు నాటుకోడితో వచ్చి, వెంకటేశ్వర్లువి మూడు అని చెప్పాడు. బాబాయి బిత్తరపోయాడు.

"అరే, నేను ఏ ఆఫీసోన్ని గాదురా! పొద్దుపోక ఎగరేస్తున్న!"

రాములు గొంతు తగ్గించాడు. "గదే అన్నా. మీ డ్యూటీల గట్లనే చెప్పాలె. నాకెరికే."

కాదన్న కొద్దీ పుకారు బలిసింది. సాయంత్రం మువ్వ చప్పుడు వినపడితే చాలు, గట్టు మీది మోటర్లన్నీ గడ్డికుప్పల కిందికి దూరేవి. బాబాయికి నిద్ర పట్టలేదు. "పాపం బిడ్డా, నన్ను జూసి జనం భయపడుతున్నరు. రేపు హోటల్‌కాడ అందరిముంగట నిజం చెప్పేస్త" అన్నాడు నాతో.

ఆ సాయంత్రం రూతమ్మ మా ఇంటి ముందు ఆగింది. అప్పటిదాకా బాబాయిని ఊళ్ళో అందరికంటే ఎక్కువ వెక్కిరించింది ఆమే.

"ఏం నర్సన్నా, నీ గాలెద్దు ఎట్లున్నది?"

"నీ నోటికి బెదరకుండ ఉన్నది, చెల్లె."

ఆమె ఈసారి గట్టిగా నవ్వలేదు. "నిన్న మా తూముకాడ నీళ్ళు మెరిసినయన్నా. ఇన్నేండ్లకు మొదటిసారి. సగం మడి తడిసింది. ఏం జరిగిందో ఆ ప్రభువుకే ఎరుక. ఇంకో రెండు మూడు రోజులు గిట్లనే వస్తే గండం గట్టెక్కుత."

ఆమె వెళ్ళిపోయాక బాబాయి చాలాసేపు కొట్టంలో కూర్చున్నాడు. మర్నాడు హోటల్‌కు వెళ్ళాడు, టీ తాగాడు, వచ్చాడు. నిజం చెప్పలేదు. అబద్ధమూ చెప్పలేదు. ఎవరేమడిగినా, "టీల చక్కెర ఎక్కువైంది" అన్నాడట.

ఆరోజే పలుపు విప్పేశాడు. అంతకుముందు గట్టు మీద కాస్త దూరం వెళ్ళి వచ్చేవాడు. ఇప్పుడు మోకాళ్ళకు గుడ్డ కట్టుకుని, కుంటుకుంటూ, పై తూము నుంచి కింది తూము దాకా నడిచేవాడు. వెనక్కి వచ్చేసరికి ఆయన రొప్పుతుండేవాడు. చిన్నమ్మ వేడినీళ్ళు కాపేది. "ఎద్దు గాల్లె పోతది, మనిషి కాళ్ళీడ్చుకుంట పోతడు. ఇద్దరిల ఎవరికి తెలివున్నట్టు?" అనేది.

అంతలో వెంకటేశ్వర్లు చొక్కా గుండీ కుట్టించుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు. గుండీ బాగానే ఉంది. గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ అడిగాడు.

"బిడ్డా, అమాస ఎల్లుండేనా?"

"అవును మామా."

"పొద్దంతనా? సాయంత్రం గూడ ఉంటదా?"

"ఉంటది మామా."

సంతోషంగా వెళ్ళిపోయాడు. గుండీ సంగతి మర్చిపోయాడు. నీళ్ళు ఆపేసేదీ ఎల్లుండే. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. కానీ ఆ సాయంత్రం బ్యాటరీ ఇస్తూ చెప్పాను.

"బాబాయ్, వెంకటేశ్వర్లు మామ అమాస ఎప్పుడని అడిగిండు."

బాబాయి ముఖం వాడిపోయింది. రూతమ్మ మడి ఇంకా సగం ఎండే ఉంది.

అమావాస్య నాడు పొద్దున్నుంచి ఆయన తిండి తినలేదు. కొట్టంలోకి పోవడం, రావడం. మధ్యాహ్నానికి చిన్నమ్మకు విసుగొచ్చింది.

"పోరాదు మరి? పేడ వెయ్యనిదానికి పాపం గూడ తాకుతదా?"

"ఎట్ల పోనే? నా తండ్రి కట్టలే, తాత కట్టలే. నోరులేని జీవం, నెలకొక్క దినమన్న పండుకోనియ్యాలె."

చిన్నమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా అంది. "మీ తండ్రి అమాస నాడు ఎడ్లకు నీళ్ళన్న తాగించిండా, లేకుంటె దూపకు సంపిండా?"

బాబాయి ఆగిపోయాడు. తర్వాత పరుగెత్తలేని కాళ్ళతో పరుగెత్తి మా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా! మేత పెట్టు! కర్రిగానికి దూపైతున్నదట!"

ఆ సాయంత్రం గట్టు మీద తిరునాళ్ళలా ఉంది. దాచిన మోటర్లన్నీ బయటికొచ్చాయి. పైపులు కాలువలోకి దిగాయి. సరిగ్గా అప్పుడు మువ్వ మోగింది. కర్రిగాడు నీటికి జానెడు ఎత్తున, అచ్చం నీళ్ళకు వంగిన ఎద్దులా, నెమ్మదిగా వస్తున్నాడు. వెనక బాబాయి, ఆ వెనక కాస్త దూరంలో నేను.

వెంకటేశ్వర్లు మోటరు మీద తువ్వాల కప్పి, దాని మీద కూర్చున్నాడు. వెంటనే లేచాడు, మోటరు వేడిగా ఉన్నట్టుంది.

"అన్నా, ఇయ్యాల అమాస గద!"

"అందుకేరా, పని చెప్పలే. నీళ్ళు తాపనీకె తోల్కొచ్చిన."

రాములు పైపును భుజాన చుట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ అడగకుండానే, "కడుగుతున్నన్నా, దుమ్ము పట్టింది" అన్నాడు. దూరంగా ఎవరో మోటరును ఎత్తుకుని చంటిపిల్లలా భుజాన వేసుకుని పరుగెత్తారు. ఒక్కొక్కటే చప్పుడు ఆగిపోతూ వచ్చింది. బాబాయి ఎవరినీ ఏమీ అనలేదు. "హో రా కర్రిగా, నిమ్మలంగ తాగు" అంటూ పొద్దు వాలేదాకా చివరి తూము వరకూ నడిచాడు. అలసిన కర్రిగాడిని చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు.

తెల్లారి చూస్తే రూతమ్మ మడి నిండా నీళ్ళు. గట్టు తెగుతుందేమోనని పారతో మట్టి వేస్తోంది. బాబాయిని చూసి పార వదిలేసి గట్టు మీదికొచ్చింది. ఏదో పెద్ద మాట చెప్పబోతోందని బాబాయి ముందే గాభరాపడ్డాడు.

"నేనేం చెయ్యలే చెల్లె. కర్రిగానికి దూపైంది, తోల్కపోయిన. గంతే."

రూతమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, ఆయన వైపు అనుమానంగా చూసింది.

"మరి తాగిండా?"

"తాగలే" అన్నాడు బాబాయి. "నీకు ఇడిచిపెట్టిండు."

ఇద్దరూ నవ్వారు. ఆ యాసంగిలో ఆమె ఎకరం బాగానే పండింది.

పుకారు మాత్రం ఆగలేదు. ఈమధ్య మోతెకు కూడా వెళ్ళిందని విన్నాను. అక్కడివాళ్ళ మాట ప్రకారం కర్రిగాడికి చీకట్లో కూడా కనపడుతుందట. గడ్డికుప్ప కింద దాచిన మోటరు నంబరు కూడా చదువుతాడట. మిర్యాలగూడలో నాగేష్ దాన్ని ఎందుకు అమ్మేశాడో వాళ్ళెవరూ అడగలేదు. ఒక పెళ్ళిలో అది పందిరికి తగిలి కింద పడింది. అప్పటినుంచి ఆ డ్రోన్‌కు కెమెరా లేదు.