గ్యాసు తాళంచెవి

నన్ను మొండివాడంటారు. అననివ్వండి. ఎనభైల మొదట్లో గల్ఫులో, షుఐబాలో ఆ మొండితనం వల్లే ఒక మనిషి బతికాడు.

నేను పనిచేసిన ఫ్యాక్టరీలో కరెంటు ప్యానెళ్ల గది ఉండేది. మంటలొస్తే నీళ్లు చల్లడానికి వీల్లేదు, ప్యానెళ్లు పాడవుతాయి. అందుకని గోడ అవతల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు వరసగా నిలబెట్టారు. పొగ తగిలితే గంట మోగుతుంది, కాసేపటికే గది నిండా గ్యాసు. మంట ఆరుతుంది. లోపల మనిషి ఉంటే వాడి ఊపిరీ ఆగుతుంది. ఎవరు లోపలికి వెళ్లినా ముందు బయట తాళంచెవి తిప్పి గ్యాసు ఆపాలి. ఆ తాళంచెవి నా దగ్గరుండేది.

దసరా నాడు మాతో పనిచేసే కడప ఎలక్ట్రీషియను ప్యానెళ్లకు ఆయుధపూజ చేస్తానన్నాడు. బొట్టు పెట్టుకో, నిప్పు మాత్రం వద్దన్నాను. సరేనన్నాడు. గ్యాసు ఆపి లోపలికి పంపాను. తీరా వెళ్లాక హారతి లేకపోతే అదేం పూజ అనిపించిందట. కర్పూరం వెలిగించేశాడు. గంట మోగింది.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. మా కోనసీమ మనిషే. రాతపూర్వక అనుమతి లేకుండా గ్యాసు ఆపామని పెద్ద ఇంజనీరుకు తెలిస్తే తన ఉద్యోగం పోతుందని ఆయన భయం.

"గ్యాసు ఆన్ చెయ్యరా, పెద్దాయనొచ్చేత్తన్నాడు!"

"మడిసి లోపలున్నాడండి. ఇప్పుడు తిప్పితే గ్యాసు వదిలేత్తది."

"ఆడొచ్చేత్తాడులే. తిప్పుతావా, నీ ఇఖామా ఖలాస్ చేయించి ఇంటికి పంపించెయ్యమంటావా?"

"చేయించుకోండి. నేను తిప్పను."

ఆయన నా చెయ్యి పట్టుకుని గుంజాడు. తాళంచెవి గుప్పిట్లో బిగించాను. భయం వేసింది, అంతకు మించి ఒళ్లు మండింది. లోపలున్నవాణ్ణి రమ్మని గొంతు చించుకుని అరిచాను.

"వస్తాండాన్నా, బూడిద తుడుస్తాండా!" అన్నాడు లోపలినుంచి, తీరిగ్గా.

ఎలక్ట్రీషియను బయటికొచ్చి, పొగపోయి, గంట ఆగాకే తాళంచెవి తిప్పాను. అప్పటికే పెద్ద ఇంజనీరు వచ్చి నిలబడి ఉన్నాడు.

మర్నాడు ఆఫీసుకు పిలిచారు. పైవాడి మాట ధిక్కరించాను, ఇకపై అలా చేయను అని రాసిమ్మన్నారు. ధిక్కరించానని రాశాను, అది నిజమే. దాని కింద, లోపల మనిషి ఉంటే మళ్లీ ఇదే చేస్తానని రాసి సంతకం పెట్టాను.

వారం తిరక్కుండా ఇంటికి పంపేశారు. ఆ సంతకానికి నేనింతవరకూ ఒక్కరోజూ చింతించలేదు.