నూర్జహానక్క కాలి కింది బ్రేకు

మొన్న కుప్పం ఊరి బయట ఎత్తు ఎక్కుతుంటే నా ముందు టమోటా లారీ ఒకటి ఆగిపోయింది. డ్రైవరు ఇంజను గట్టిగా రేపుతున్నాడు, బండి మాత్రం కదలడం లేదు. కాసేపటికి వాసన మొదలైంది. గోనెసంచీ, ఇనుమూ కలిపి కాల్చినట్టు ముక్కుపుటాలకు పట్టుకునే వాసన. క్లచ్ ప్లేటు కాలుతోందని అర్థమైంది. అద్దాలు ఎత్తినా అది లోపలికి వచ్చేసింది. నేను లారీకి రెండు బండ్ల దూరం వదిలి ఆగాను. వెనకనుంచి హారన్లు మోగుతున్నాయి, ఒకతను కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అన్నాడు. నేను అంగుళం కూడా ముందుకు జరగలేదు. లారీ వెనక్కి జారదని నాకెవరూ హామీ ఇవ్వలేదు కదా! ఇలా ఆలోచించడం మదనపల్లెలో నాకు డ్రైవింగు నేర్పిన నూర్జహానక్క దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ వాసన తగిలినప్పుడల్లా ఆవిడ నా ఎడమ పక్క సీట్లో కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, రోడ్డును అనుమానంగా చూస్తున్నట్టే ఉంటుంది.

మాది రామసముద్రం దగ్గర పల్లె. వ్యవసాయ డిప్లొమా చదివి, ఇరవయ్యారో ఏట ఒక విత్తనాల కంపెనీలో ఉద్యోగంలో చేరాను. మదనపల్లెలో ఆఫీసు. అక్కడినుంచి పుంగనూరు, కుప్పం దాకా తిరిగి రైతుల టమోటా తోటలు చూసి రావాలి. కంపెనీ జీపు ఇస్తుంది, డ్రైవరును ఇవ్వదు. ఆరు నెలల్లో లైసెన్సు తెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటామని చేరిన రోజే చెప్పారు. మా ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. అప్పటివరకు నేను నడిపిన పెద్ద బండి సైకిలు.

ఆడవాళ్ళకు ఆడమనిషే నేర్పుతుందని ఎవరో చెబితే నూర్జహానక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. బోర్డు లేదు. ఇంటి ముందు పాత తెల్ల కారు, దాని మీద ఎర్ర రంగుతో రాసిన ఎల్ అక్షరం. భర్త లారీ డ్రైవరు. ఆయన నడుము దెబ్బతిని లారీ మానేసిన ఏడాది ఆవిడ ఆయన దగ్గరే స్టీరింగు నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, తర్వాత నేర్పించడానికీ అనుమతి తెచ్చుకుందట. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. నల్ల బురఖా, కాళ్ళకు మగవాళ్ళు వేసుకునే తోలు చెప్పులు. నన్ను పైనుంచి కిందికి చూసి, "యాల నేర్సుకోవల్ల? ఉద్యోగానికా, ఉబలాటానికా?" అని అడిగింది. ఉద్యోగానికని చెప్పాను. "ఐతే కష్టం. తొందర ఉంటాది" అంది. ఆ మాటతోనే నాకు ఆవిడ మీద మొదటి అనుమానం పుట్టింది. తొందర ఉన్నవాళ్ళను ఫీజు కోసం ఎన్నాళ్ళైనా తిప్పుకోవచ్చు కదా అనుకున్నాను.

పొద్దున్నే ఆరింటికి పుంగనూరు రోడ్డు మీద పాఠం మొదలయ్యేది. డ్రైవింగు నేర్పే కార్లలో ఎడమ పక్కన కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. నాకు తెలియకుండా ఆవిడ పాదాలు వాటి మీద ఆడుతుండేవి. గేరు ఎలా వేయాలో ఆవిడ రెండు రోజుల్లో నేర్పేసింది. మిగిలిన రోజులన్నీ ఒకే పాఠం: ఎవరినీ నమ్మకు. ఒకసారి ముందు పోతున్న ఆటో కుడిపక్క లైటు వేసింది. అతను కుడికి తిరుగుతాడని నేను ఎడమనుంచి దాటబోయాను. ఆవిడ బ్రేకు తొక్కేసింది. ఆటో ఎడమకే తిరిగి సందులోకి వెళ్ళిపోయింది. "ఆ లైటు వాడు ఏసినాడా, మోసెయ్యి తగిలి పడిందా, నీకెట్ట తెలుసు?" అంది. ఇంకోసారి ఆగి ఉన్న బస్సును దాటుతుంటే, "బస్సును కాదు, దాని కింద సూడు. కాళ్ళు కనపడతాండాయా?" అని అడిగింది. వంగి చూస్తే బస్సు అవతల చిన్న కాళ్ళు రెండు పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నాయి. బడిపిల్ల. నేను ఉన్నచోటే బ్రేకు తొక్కేశాను. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టు, "కుక్కను నమ్మినా పరవాలేదు గానీ, సెల్లు మాట్లాడే మనిషిని నమ్మొద్దు" అంది.

ఎవరినీ నమ్మవద్దనే గురువును మాత్రం ఎందుకు నమ్మాలి? పాఠం మధ్యలో ఆవిడకు ఫోన్లు వచ్చేవి. నా వైపు చూస్తూ ఉర్దూలో మాట్లాడేది. నాకు 'టెస్టు', 'నక్కో' అనే రెండు మాటలే తెలిసేవి. నక్కో అంటే వద్దు అని. ఎవరికి వద్దు, ఏమి వద్దు? అడిగే ధైర్యం లేక ఇంటికి వెళ్ళి ఆ రెండు మాటల చుట్టూ రకరకాల కథలు అల్లుకునేదాన్ని.

ఉద్యోగంలో చేరిన ఆరో నెల మొదట్లో మొదటి టెస్టు. గ్రౌండులో ఎనిమిది అంకె ఆకారంలో గీసిన దారిలో కారు నడిపాను, వెనక్కి నడిపి గీతల మధ్య నిలిపాను. చివరికి సిమెంటుతో కట్టిన ఎత్తు. సగం ఎక్కి ఆగాలి, మళ్ళీ జారకుండా బండిని పైకి ఎత్తాలి, అంటే కదిలించి ఎక్కించాలి. బ్రేకు ఇన్‌స్పెక్టరు బయట నిలబడి చూస్తున్నాడు. నూర్జహానక్క నా పక్కన ఉంది. నేను బ్రేకు వదిలి క్లచ్చు లేపేసరికి బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపాడు. ఫెయిలు. దిగుతుంటే నాకు ఒక సంగతి గుర్తుకొచ్చింది. ఇంజను ఆగే క్షణంలో నా పాదం పక్కన బ్రేకు పెడలు తనంతట తానే కదిలినట్టు అనిపించింది. ఆవిడ పాదాల వైపు చూశాను. తోలు చెప్పులు రెండూ పద్ధతిగా పక్కపక్కన ఉన్నాయి, మరీ పద్ధతిగా.

వారం తర్వాత రెండో టెస్టు. నా వంతు రాకముందు నూర్జహానక్క ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పడం చూశాను. ఆయన నా వైపు తిరిగి చూసి తలూపాడు. ఆవిడను కిందే ఉండమని, ఈసారి ఆయనే నా పక్కన కూర్చున్నాడు. ఎత్తు దగ్గర నన్ను ఒకసారి కాదు, మూడుసార్లు ఆపించాడు. రెండుసార్లు బాగానే ఎత్తాను. మూడోసారి కారు జానెడు వెనక్కి జారి పైకి వెళ్ళింది. "మళ్ళీ రండమ్మా" అన్నాడు. అందరికీ ఒక్కసారే కదా, నాకెందుకు మూడుసార్లని అడిగాను. "మీ మేడమ్‌నే అడగండి" అని దిగిపోయాడు.

నేను నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళాను. "సార్‌తో ఏం చెప్పినారక్కా?"

"ఎత్తు కాడ బాగా సూడండి సార్ అని సెప్పినా" అంది, దాచకుండా.

"నన్ను ఫెయిల్ చేయమని కదా!"

"సూడమని సెప్పినా. ఫెయిలైంది నువ్వు."

"పోయినసారి బ్రేకు కూడా మీరే తొక్కినారు కదూ?"

ఆవిడ "రేపు ఆరింటికి రా" అని కారు తలుపు తీసింది. నేను ఎక్కలేదు. ఎండలో నడుచుకుంటూ రోడ్డు దాకా వచ్చి ఆటో ఎక్కాను. దారంతా ఏడుపు ఆగలేదు. కోపం ఎంత ఉందో, నా అనుమానం నిజమైందన్న తృప్తి కూడా అంతే ఉంది. ఆ తృప్తి గురించి చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

గడువు ఇంకా ఇరవై రోజులుంది. పుంగనూరులో ఒక డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళాను. అక్కడి యజమాని ఎంతో మర్యాదగా కుర్చీ వేసి, "మీరు స్టీరింగు పట్టుకోండి మేడమ్, చాలు. కింద సంగతి నేను సూసుకుంటా" అన్నాడు. ఒక్క పాఠం కూడా చెప్పలేదు. టెస్టు రోజు అతని కారులో నాకన్నా ముందు ఒక అమ్మాయి వెళ్ళింది. ఎత్తు మీద ఆగి, నూనె పోసినట్టు సాఫీగా పైకి వెళ్ళింది. పాసు. ఆ అమ్మాయి సంతోషంగా నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "అక్కా, క్లచ్చు ఎడం పక్కదేనా?"

అవునన్నాను. ఆ సాయంత్రం నుంచే ఆమె రోడ్డు మీదికి వస్తుంది. నా పేరు పిలిచారు. యజమాని కారు తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు. ఎక్కి కూర్చుంటే నాలుగు నిమిషాల్లో నా ఉద్యోగం నాకు దక్కుతుంది. ఎక్కబోయి, కాలు వెనక్కి తీసుకున్నాను. ఒంట్లో బాగాలేదని చెప్పి గేటు బయటికి వచ్చేశాను. అక్కడ గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాక, నూర్జహానక్కకు ఫోన్ చేశాను. 

"యాడుండావు?" అంది. చెప్పాను. "రేపు ఆరింటికి రా. టిఫను తినొద్దు, దోవలో తిందాం." అంతే. ఇంకొక్క మాట లేదు.

మరుసటి రోజు నాచేత పుంగనూరు మీదుగా పెద్దపంజాణి దాకా నడిపించింది. అక్కడ ఊరి చివర, ఎత్తుగా పైకి పోయే సిమెంటు సందు ఒకటి. సందు పైన ఇల్లు. కారు సందు మధ్యలో ఆపమంది. హారన్ విని ఇంట్లోంచి ఒక ముసలాయన కర్ర పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. పేరు చెంగలప్ప. నన్ను చూసి నవ్వాడు.

"కొత్త పిల్లనా? ఏమ్మా, నా కాలు సూపిచ్చేదానికి పిల్సుకొచ్చిందా? దీని మింద కారెక్కిచ్చింది నా కోడలు, ఈయమ్మ కాదు. ఐనా యాడాదికి నాలుగు తూర్లు వచ్చి పోతాది, తానే ఎక్కిచ్చినట్టు."

మజ్జిగ తెస్తానని ఆయన లోపలికి వెళ్ళాక నూర్జహానక్క రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "ఆయప్ప కోడలు నా దగ్గిరే నేర్సుకునింది. ఎత్తు కాడ ఆ పిల్లకి కాలు వణుకుతాదని నాకు తెలుసు. టెస్టు పొద్దు ఎట్నో ఎత్తేసింది. నేను నోరు మూసుకున్నా. స్వీటు డబ్బా తెచ్చిచ్చింది. తిన్నా గూడా. నెల తిరక్కుండానే ఇదో, ఈ సందులోనే కారు ఎనక్కి జారింది. గేటు తీసి ఎనక నిలబడుకోని దోవ సూపిస్తా ఉన్నాడు ఆయప్ప." నా కాలి వైపు తిరిగి, "నీ కాలు గూడా అట్నే వణుకుతాది. నువ్వు సూసుకోలేదు, నేను సూసినా" అంది.

 ఆవిడ తలుపు తీసుకుని కిందికి దిగింది.

"యాల దిగుతాండారక్కా?"

"నా కాళ్ళు ఈడుంటే నీకు నా మింద అనుమానం. దిగితే ఉండదు గదా."

నడిచి వెళ్ళి కారు వెనక, సరిగ్గా మధ్యలో నిలబడింది. అద్దంలో నల్ల బురఖా, రెండు చేతులతో పట్టుకున్న సంచీ కనిపిస్తున్నాయి. పక్కకు జరగమని కిటికీలోంచి అరిచాను. కదల్లేదు. "ఎత్తు" అంది. నా కాలు నిజంగానే వణుకుతోంది. ఆ వణుకును నేను మొదటిసారి గమనించాను. హ్యాండ్ బ్రేకు లాగి, అది తగ్గేదాకా కాలి బ్రేకు కూడా వదల్లేదు. ఎంతసేపు ఆగానో తెలియదు, ఆవిడా తొందరపెట్టలేదు. క్లచ్చు నెమ్మదిగా లేపాను. బండి ముక్కు కొద్దిగా పైకి లేచింది, ఇంజను గొంతు మారింది. అప్పుడు హ్యాండ్ బ్రేకు దించాను. కారు వెనక్కి వెంట్రుకవాసి కూడా పోకుండా పైకి కదిలింది. గేటు ముందు ఆపి, పరుగున కిందికి వచ్చాను. నా కళ్ళు మొదట కారు ఆగి ఉన్న చోటును వెతికాయి, టైర్ల వెనక ఆవిడేమైనా రాయి పెట్టిందేమోనని. రాయి లేదు.

"సూస్తావని తెలుసు" అని నూర్జహానక్క మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది. "ఇప్పుడు నువ్వు డ్రైవరువి."

మూడో టెస్టు గడువుకు ఐదు రోజుల ముందు జరిగింది. ఎత్తు దగ్గర ఒక్కసారే ఆపించి, పాసని రాస్తూ ఇన్‌స్పెక్టరు అన్నాడు, "ఈసారి మీ మేడమ్ ఏమీ చెప్పలేదమ్మా." ఉద్యోగం నిలబడింది. తర్వాత కుప్పానికి బదిలీ అయ్యాను. అప్పుడప్పుడు ఫోన్ చేసేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఆ మొదటి టెస్టులో బ్రేకు తొక్కింది మీరేనా అని.

"నీకేమనిపిస్తాది?"

"తొక్కినారనే."

"ఐతే అట్నే అనుకో. కొంచిం అనుమానం ఉంటే మంచిదే" అని పెట్టేసింది. ఇప్పటికీ నాకు తెలియదు. ఆవిడ పోయాక మూడో రోజు వెళితే, మంచం మీద ఉన్న ఆమె భర్త నన్ను పోల్చుకోలేదు. పేరు చెప్పాను. "మూడో తూరి పాసైన పిల్లవా?" అని చేయి పట్టుకున్నాడు. ఆయన దగ్గర కూర్చున్నంతసేపు ఆ ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఇప్పుడు మా కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు జీపు ఇచ్చే ముందు నాతో ఒక రోజు నడిపిస్తారు. పోయిన వారం శైలజ అనే అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల, లైసెన్సు ఉంది, ఊళ్ళో చక్కగా నడిపింది. ఎత్తు దగ్గర మాత్రం జీపు రెండడుగులు వెనక్కి జారింది. ఆమె నవ్వేసి పైకి ఎక్కించింది. ఆఫీసుకు వచ్చాక, జీపు ఇవ్వొచ్చని నేను సంతకం పెట్టాల్సిన కాగితం నా ముందు పెట్టి, పెన్ను కూడా తానే అందించింది. నేను పెన్ను తీసుకోలేదు, ఇంకో నాలుగు రోజులు నాతో నడపాలన్నాను. ఆమె మొహంలో రంగు మారింది. "నా మీద ఏమన్నా కోపమా మేడమ్? ఎవరన్నా మీకు చెప్పినారా?" అని అడిగింది. లేదన్నాను. నమ్మలేదు. మధ్యాహ్నానికల్లా శైలజ ఉద్యోగానికి నా చుట్టాలమ్మాయిని ఎవరినో అనుకుంటున్నానట అనే మాట ఆఫీసంతా తిరిగి నా చెవిదాకా వచ్చింది. సర్దిచెప్పాలని ఒక్క క్షణం అనిపించింది. ఊరుకున్నాను. రోజూ పొద్దున్నే వస్తోంది, మొహం ముడుచుకుని, నాతో మాట్లాడకుండా. వచ్చి ఎత్తు ఎక్కిస్తోంది. నిన్న అరడుగే జారింది. నేను ఇంకా సంతకం పెట్టలేదు.