పేరు కొట్టించిన గిన్నెలు

ఆళ్లగడ్డ దగ్గర శనగ పండించే మద్దిలేటి, కూతురు ప్రసన్న కాపురానికి పోయేటప్పుడు బరువైన స్టీలు గిన్నెలు ఏరి కొన్నాడు. కొట్టు ముందే కూర్చుని ప్రతిదాని మీదా తన పేరు కొట్టించాడు. అత్తగారింట్లో అన్నం తినేటప్పుడు కూతురికి పుట్టిల్లు కంటపడాలని ఆయన ఆశ.

మనవడి పుట్టినరోజుకు నంద్యాల వెళ్లాడు. వియ్యంకులకు బియ్యం మిల్లు ఉంది. కేకు, ఐస్‌క్రీమ్ వేటిలో పెట్టాలో వియ్యపురాలు ఉమామహేశ్వరమ్మే వంటింట్లో తేల్చింది.

"చుట్టాలకు గాజు గిన్నెలు, చిన్న చెంచాలు పెట్టు. మిల్లు హమాలీలకు మీ నాయన ఇచ్చిన స్టీలువి చాలు. చెంచాలెందుకు, చేత్తోనే తింటారు."

ప్రసన్న అటక మీది స్టీలు గిన్నెలు దించింది. ఆ ఇంట్లో మాట్లాడి గెలిచిందెప్పుడు గనక.

హాల్లో గాజు గిన్నె పట్టుకున్న మద్దిలేటి కిటికీలోంచి చూశాడు. వాకిట్లో కూర్చున్న హమాలీల చేతుల్లో తన పేరు కనబడింది. గాజు గిన్నె పక్కన పెట్టి, పోయి వాళ్ల మధ్య కూర్చున్నాడు.

"ప్రసన్నా, నాకూ ఈడనే పెట్టు. నా పేరుండే దాంట్లో."

అందరూ తిన్నాక ఉమామహేశ్వరమ్మ గడప దాటకుండానే కోడలికి చెప్పింది. "ఆ గిన్నెలన్నీ బయట కొళాయి కాడనే కడుగు. మీ నాయన తినింది గూడా."