క్యారేజీల వాళ్ళింట్లో డిగ్రీ

నేను డిగ్రీ పాసయ్యానండీ! బీయే! యాభై దాటాక, బహ్రెయిన్‌లో హోటల్ గదుల దుప్పట్లు మార్చుకుంటూ, దూరవిద్యలో చదివి, అన్ని పేపర్లూ గట్టెక్కాను. మా అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ ఇంతవరకూ ఒక్కరు కూడా డిగ్రీ మొహం చూడలేదు, నేనే మొదలు. జుఫైర్‌లో మా హోటల్లో పైఅంతస్తు గది సర్దుతుంటే ఫోన్లో రిజల్టు వచ్చింది, చేతిలో దిండుని అలాగే గుండెకి హత్తుకుని నిలబడిపోయాను. నాతో పనిచేసే తమ్ముడొకడున్నాడు, తెలంగాణలో నిర్మల్ వైపు వాడు, వరసకి తమ్ముడే గానీ వాడికీ మనవడు పుట్టాడు, సంగతి చెప్పగానే “ఇగ నువ్వు మేడమ్‌వైనవ్ గదక్కా, గీ బకెట్ ఎవలు మొయ్యాలె?” అని దాన్ని నా ముందు పెట్టి దండం పెట్టాడు. సూపర్‌వైజర్ వచ్చి “ఖలాస్, యల్లా” అని తరిమేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

ఆ నవ్వు ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. డ్యూటీ దిగి మనామాలో నా గదికి బస్సులో వస్తుంటే, ఈసా టౌన్ బడి పిల్లల్ని తెస్తున్న బస్సొకటి సిగ్నల్ దగ్గర మా పక్కనే ఆగింది. పిల్లలు ఖాళీ టిఫిన్ డబ్బాలు వాయిస్తూ గోల చేస్తున్నారు. ఆ డబ్బాల చప్పుడు చెవిన పడగానే నేను బహ్రెయిన్‌లో లేను, బాపట్లలో మా పెరట్లో, బూడిదతో స్టీలు క్యారేజీలు తోముతూ కూర్చున్నాను.

కాలేజీలున్న ఊళ్ళో పుట్టినవాళ్ళకి తెలుస్తుంది, ఆ ఊరు మనది కాదు, చదువుకునే పిల్లలది. మా పేటలో రెండు గదులున్నవాళ్ళు ఒకటి పిల్లలకి అద్దెకిచ్చేసి తాము వరండాలో తడికె కట్టుకుని పడుకునేవాళ్ళు. మా అమ్మ వండేది, నాన్న బజారు చేసేవాడు, అన్నయ్య సైకిలుకి అటూ ఇటూ క్యారేజీలు తగిలించుకుని గదిగదికీ తిరిగేవాడు, నేను తోమేదాన్ని. అనంతపురం పిల్లలు వస్తే పప్పులో కారం పెంచేది అమ్మ, శ్రీకాకుళం పిల్లలు వస్తే తగ్గించేది. పేపర్లో వేసవి సెలవుల వార్త పడితే ఊళ్ళకెళ్ళే ఆ పిల్లలకి పండగ, మాకు మాత్రం గుండెల్లో రాయి, ఎందుకంటే వాళ్ళు రైలెక్కాక మా పొయ్యి సరిగ్గా వెలిగేది కాదు, రెండు నెలలు గంజీ ఉల్లిపాయే. తిరిగి జూన్‌లో కొత్తవాళ్ళు దిగేవాళ్ళు. వాళ్ళకెప్పుడూ ఇరవై ఏళ్ళే, వయసు మాకే వచ్చేది.

అలాంటి ఇంట్లో అన్నయ్య డిగ్రీలో చేరాడు. తెల్లారకుండా టిఫిన్లు వేసొచ్చి కాలేజీకి వెళ్ళేవాడు, మధ్యాహ్నం బెల్లు కొట్టగానే వచ్చి, పొద్దున తన పక్క బెంచీలో కూర్చున్నవాళ్ళకే అన్నాలు మోసుకెళ్ళేవాడు. సిగ్గుపడ్డట్టు నాకెప్పుడూ కనపడలేదు. వాళ్ళు కూడా “ఏరా లెక్చరరు గారూ, ఇవాళ కూరేంటి?” అని ఏడిపించేవాళ్ళు, “గుత్తొంకాయ సార్, ఫెయిలైనవాళ్ళకి కాడలు” అని తిరగేసేవాడు.

ఆఖరి సంవత్సరం పరీక్షలు సోమవారం మొదలు. మా చర్చిల్లో అలవాటు తెలిసిందే కదా, పరీక్షలకి ముందు ఆదివారం పిల్లల హాల్ టికెట్లూ పెన్నులూ బల్ల మీద పెట్టించి పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. ఇప్పుడిక్కడ మా శుక్రవారం కూడికలో కూడా చేస్తారు. ఆ ఆదివారం అన్నయ్య క్యారేజీలు వెయ్యడానికి వెళ్తే, అమ్మ వాడి పెట్టె తీసి హాల్ టికెట్ పట్టుకెళ్ళింది. ప్రార్థన అయింది. ఇంకా రాత్రికి కూడా ఉపవాసముండి ప్రార్థిస్తానన్నారు పాస్టరుగారు, పాపం మంచి మనసుతోనే. మిగతావన్నీ పదో తరగతి పిల్లలవి, వాళ్ళ పరీక్షలకి ఇంకా వారం ఉంది. అన్నయ్యది మర్నాడే అని ఆయనకీ తట్టలేదు, అమ్మకీ నోటికి రాలేదు. రేపు పొద్దున్నే తెచ్చుకోవచ్చులే అనుకుంది. ఆయన ఆ టికెట్లన్నీ బైబిల్లో పెట్టుకుని, సాయంత్రం బస్సులో రేపల్లె అవతల ఏదో ఊళ్ళో సభకి వెళ్ళిపోయారు.

ఏ ఊరో పేటలో ఎవరికీ తెలీదు. పొద్దున్నే అన్నయ్య తాళం వేసున్న పాస్టరుగారింటి అరుగు మీద కూర్చున్నాడు, నాన్న బస్టాండులో నిలబడ్డాడు. ఆయన వచ్చే బస్సు దారిలో ఎక్కడో చెడిపోయింది. ఆయన కండువా ఎగిరిపోతున్నా పట్టించుకోకుండా పరిగెత్తుకుంటూ వచ్చి టికెట్ చేతికిచ్చేసరికి, హాల్లోకి రానిచ్చే టైము దాటిపోయింది. గేటు మనిషి మా క్యారేజీ తినేవాడే, వాడే బతిమాలాడట లోపలివాళ్ళని. కుదరదన్నారు.

నేను బడి మానేసి వాకిట్లోనే ఉన్నాను. అన్నయ్య వచ్చి చొక్కా మార్చుకున్నాడు. అమ్మ గోడకి ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకుని ఉంది. వాడు అటు చూడకుండా “కూరేం చేశావమ్మా? పన్నెండవుతోంది” అన్నాడు. క్యారేజీలు తగిలించుకుని వెళ్ళాడు. పరీక్ష రాసొచ్చి ఆ ప్రశ్నకి ఇదా జవాబు, అదా అని కొట్టుకుంటున్న ఆ పిల్లలకే అన్నాలు పెట్టొచ్చాడు.

ఒక్క పేపరే కదా, మళ్ళీ రాసుకోవచ్చు అన్నారు అందరూ. నిజమే, రాయొచ్చు. కానీ ఆ వానాకాలమే నాన్నకి పక్షవాతం వచ్చింది, మెస్సు మొత్తం అన్నయ్య నెత్తిన పడింది. ఆ తర్వాత వాడి జూనియర్లు, వాళ్ళ జూనియర్లు డిగ్రీలు పట్టుకుని రైలెక్కారు, అందరికీ వాడే సైకిలు మీద అన్నం పెట్టి పంపాడు. చదువు మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అందుకే నేను సెలవులకి వెళ్ళిన ప్రతిసారీ, స్నేహితురాల్ని చూసొస్తానని చెప్పి గుంటూరు వెళ్ళి పరీక్షలు రాసొచ్చాను. అన్నయ్యకి ఈ రోజుకీ తెలీదు.

ఇప్పుడు కాలేజీలకి సొంత మెస్సులు, సొంత బస్సులు వచ్చాయి. క్యారేజీలు ఎవరికీ అక్కర్లేదు. అన్నయ్య ఆటో తోలుతున్నాడు, కాలేజీ గేటు దాకా వెళ్ళి పిల్లల్ని దింపి వెనక్కి తిప్పుకొస్తాడు. నేను హాల్ టికెట్ ఈ ఫోన్లోనే దించుకున్నాను. ఒకసారి దాని ప్రింటు ఎక్కడో పడేసుకుని, పరీక్ష పొద్దున గుంటూరులో జిరాక్సు షాపులో మళ్ళీ తీయించుకున్నాను, టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. ఆ కాగితం చేతికొస్తే అందరూ సంతోషిస్తారు, నేను మాత్రం ఆ షాపు ముందు నిలబడి ఏడ్చాను. ఒక మనిషి బతుకంతా మూసేసిన తలుపు, ఇప్పుడసలు తలుపే కాదు.

ఎల్లుండి శుక్రవారం. కూడికలో లేచి, దేవుడు చేసిన ఈ మేలుకి అందరి ముందూ సాక్ష్యం చెప్పకుండా ఉండలేను. అక్కడ బాపట్లవాళ్ళు ఇద్దరున్నారు, ఆమెన్ అనేలోపే కబురు మా పేటకి చేరిపోతుంది. అన్నయ్యకి ఇంకొకరి నోట తెలియకూడదు. ఏమని మొదలుపెట్టాలో మాత్రం తెలీడం లేదు, బస్సు దిగిన దగ్గర్నుంచీ నంబరు తీస్తున్నాను, పెట్టేస్తున్నాను.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు: చీరాల పిన్ని. గుంటూరులో పరీక్షలప్పుడు నాకు అన్నం పెట్టి పంపిన స్నేహితురాలు. హైదరాబాదులో మేనకోడలు. మా పాత పాస్టరుగారి భార్య, ఆయన పోయాక ఒక్కతే ఉంటోంది. అమ్మ. అమ్మకి వేరే ఫోన్ లేదు, అన్నయ్యే ఎత్తి ఆవిడ చేతికివ్వాలి, కాబట్టి అమ్మకంటే ముందు, అన్నయ్య.