ప్రథమ ఫలాల గంపలో నా చెయ్యి

ఆగిరిపల్లి అవతల మా ఊరి చర్చిలో ఎవరైనా మూత వేసిన గంప తెచ్చి పెడితే చాలు, ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు లేస్తుంది: "చూసి పెట్టు బాబూ చెయ్యి!" చర్చంతా గొల్లుమంటుంది. పాస్టరు అయ్యగారు కూడా నవ్వుతారు, కాకపోతే బైబిలు అడ్డం పెట్టుకుని. ఆ నవ్వుకు కారకుణ్ణి నేనే. నిండు ఆరాధనలో నేను చేసిన ఘనకార్యం చెబుతాను, వినండి. నా పరువు ఏమైపోతుందోనని మీరు బెంగపడకండి. అది ఆ రోజే పోయింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. విజయవాడలో జువాలజీ డిగ్రీ చదివి, లోకంలో ఉన్న తెలివంతా బ్యాగులో సర్దుకుని ఇంటికొచ్చాను. బ్యాగుతో పాటు ఒక పాము కూడా వచ్చింది. ఉలిక్కిపడకండి. మన ఊళ్లలో తిరిగే పాముల్ని పెంచుకోవడం నేరం, ఆ పని నేను చెయ్యలేదు. ఇది విదేశీ జాతి బాల్ పైథాన్, కాగితాలన్నీ ఉన్నాయి. పొట్టిగా, బొద్దుగా, ముట్టుకుంటే ముడుచుకుని బంతిలా అయిపోయేంత పిరికిది. పేరు బుజ్జమ్మ.

మా నాన్న మామిడి తోటలు కౌలుకు తీసుకుని చేసేవాడు. ఆ తోటల్లో జెర్రిపోతు కనపడితే కూలీలు కర్రలు తీసేవారు. ఎలుకల్ని తిని మనకు మేలు చేస్తుంది, దానికి విషం ఉండదు అని నేను గొంతు చించుకునేవాణ్ణి. వినేదెవరు? ఒక్క వేసవిలో నా కళ్ల ముందే మూడింటిని చంపారు. మూడో దాన్ని కొట్టిన రోజు నేను అన్నం తినలేదు. నిజంగానే ఏడుపొచ్చింది.

"దానికి విషం లేదు నాన్నా."

"నాకు చెబితే ఏం లాభంరా? కర్ర నా చేతిలో ఉందా? వాళ్లకి చెప్పు. వాళ్లు సరేనంటే ఇకమీదట నా తోటలో పాము మీద దెబ్బ పడదు. ఇది నా మాట."

అదుగో, అక్కడ పుట్టింది నా మహత్తర పథకం. బుజ్జమ్మను జనానికి పరిచయం చేస్తాను, ముట్టుకోనిస్తాను. భయం పోతే కర్ర దానంతటదే కింద పడుతుంది. ఊరంతా ఒకచోట దొరికేది ప్రథమ ఫలాల ఆదివారమే. మొదటి కోత కాయల్ని గంపల్లో గడ్డి పరిచి పేర్చి, పైన కొత్త తువ్వాలు కప్పి, ప్రతి ఇంటివాళ్లూ చర్చికి తెస్తారు. వాటిని బలిపీఠం ముందు పెట్టి అయ్యగారు ప్రార్థన చేస్తారు.

అయ్యగారి దగ్గరికి వెళ్లి అడిగాను.

"ప్రకాషూ, తోట సంగతి తెలుసు. పండు సంగతి తెలుసు. ఇప్పుడు పాము కూడా తెస్తానంటావా, చర్చిలోకి?"

"ఆరాధన అయ్యాకేనండీ. బయట పందిట్లో. ఇష్టమున్నవాళ్లే ముట్టుకుంటారు."

"అంతవరకూ అది ఎవరి కంటా పడకూడదు. పడిందంటే నా ప్రసంగం ఎవరూ వినరు."

"మామూలుగానైనా..." అని, మిగతాది మింగేశాను.

ఇక నా జాగ్రత్తలు చూడాలి మీరు! పెద్ద చార్టు మీద ఎర్ర స్కెచ్చు పెన్నుతో రూల్సు రాశాను. మొదటిది: చూడకుండా ఎక్కడా చెయ్యి పెట్టరాదు. దాని కింద రెండు గీతలు. తర్వాత, ముట్టుకునే ముందూ ముట్టుకున్నాకా చేతులు కడుక్కోవాలి, తల పట్టుకోకూడదు, కింద నుంచి ఒంటికి ఆసరా ఇవ్వాలి, భయపడేవాళ్లను బలవంతపెట్టకూడదు. ఆ చార్టును ముందు రోజే పందిట్లో కట్టేశాను. వచ్చేపోయేవాళ్లు చదివారు. చదువు రాని మరియమ్మత్త, అంటే మా తోటలో కోతల మేస్త్రి, మనవరాలి చేత రెండుసార్లు చదివించుకుంది.

బుజ్జమ్మను గుడ్డ సంచిలో పెట్టి, మూతి ముడేసి, ఎవరికీ అనుమానం రాకుండా మామిడి గంపలోనే ఉంచి, పైన తువ్వాలు కప్పాను. చర్చి పక్క గదిలో ఓ మూల పెట్టాను. తెలివంటే అదీ అనుకున్నాను. తీరా చూస్తే మిగతా గంపలన్నీ కూడా ఆ గదిలోకే చేరాయి. పైగా ఆ ఏడు తువ్వాళ్లన్నీ ఒకే కొట్టులో కొన్నారు. అన్నీ ఎర్రంచువే.

ఆరాధన మొదలైంది. ఆడవాళ్లు పాట పాడుతూ గంపలు మోసుకొచ్చి బలిపీఠం ముందు వరసగా పెట్టారు. అయ్యగారు చేతులెత్తి కళ్లు మూసుకున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. మూసుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

రెండో వరసలో ఒక గంప మీది తువ్వాలు కదిలింది.

బుజ్జమ్మ! గంప మారిపోయింది, సంచి ముడి ఊడిపోయింది! ఇప్పుడు గానీ అది తల బయట పెట్టిందా, ఈ జనం దాన్ని పచ్చడి చేస్తారు. పిల్లిలా ముందుకు నడిచాను. ఇంతలో ముందు వరసలో ఒకావిడ కళ్లు తెరిచి "అమ్మో, గంపలో ఏదో ఉంది!" అని కేక పెట్టింది. ప్రార్థన ఆగిపోయింది.

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా? లేదు. జనం వైపు తిరిగి చిరునవ్వు నవ్వాను.

"ఎవరూ కంగారు పడకండి. ఇది నేను పెంచుకుంటున్న పామే. పేరు బుజ్జమ్మ. చంటిపిల్ల లాంటిది. చూడండి, ఎంత మెత్తగా ఎత్తుకుంటానో!"

జనాన్ని చూస్తూ, గంపను చూడకుండా, తువ్వాలు కింద చెయ్యి పెట్టాను.

చంటిపిల్ల నా బొటనవేలి పక్కన కసుక్కున కరిచింది. నేను చెయ్యి లాగాను. చెయ్యితో పాటు ఆరడుగుల జెర్రిపోతు బయటికొచ్చింది. ఎవరి తోటలోనో రాత్రి గడ్డిలో దూరి, కాయలతో పాటు కానుకగా వచ్చేసిందన్నమాట. "ఇది బుజ్జమ్మ కాదు!" అని అరిచాను. ఆ అరుపు మైలవరం దాకా వినపడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత దూరం కాదు లెండి, ఊరి చివరిదాకే.

బెంచీలు ఖాళీ. అయ్యగారు కుర్చీ ఎక్కేశారు. కర్రలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు గానీ వచ్చేశాయి. నేను నెత్తురోడుతున్న చెయ్యి చాచి పాముకు అడ్డంగా నిలబడ్డాను.

"కొట్టకండి! జెర్రిపోతు! విషం ఉండదు!"

"ఇందాక చంటిపిల్లన్నావు!" అన్నారెవరో.

మరియమ్మత్త ఒక్కర్తే కదలకుండా ఖాళీ గంప తీసి పాము మీద బోర్లించి, ఆ గంప మీద కూర్చుంది.

"ఇదిగో వినండి. అబ్బాయి ఆసుపత్రికెళ్లి బతికొస్తే పామునొదిలేద్దాం. రాకపోతే అప్పుడు చూద్దాం. అప్పటిదాకా ఎవరైనా కర్రెత్తితే ముందు నన్ను కొట్టాలి."

"నాకేం కాదు అత్తా..."

"ఏమవుద్దో డాక్టరు చెబుతాడు. నీ మాట ఇందాక విన్నాంలే."

అయ్యగారి భార్య నర్సు. ఆవిడా డాక్టరుకు చూపించాల్సిందేనని చెప్పి, నన్ను ఆటో ఎక్కించి నూజివీడు పంపింది. డాక్టరు చూసి, ఇంజక్షను ఇచ్చి, సాయంత్రం దాకా కదలొద్దన్నాడు. మధ్యాహ్నం నాన్న వీడియో కాల్ చేశాడు. తెర నిండా మొహాలు.

"ఒరేయ్, బతికే ఉన్నావా? ఇక్కడెవరూ నమ్మట్లేదు."

"ఉన్నాను నాన్నా!"

"చెయ్యి ఆడించు... ఇంకోసారి... అదుగో, ఆడిస్తున్నాడండీ!"

అరగంటకోసారి నేను చెయ్యి ఆడించడం, అక్కడ చర్చిలో మరియమ్మత్త గంప మీద కూర్చునే అన్నం తినడం. ఒక ప్రాణం నా చెయ్యి మీద ఆధారపడిందని తెలిసి, ఎంత నొప్పి పుట్టినా నేను దాన్ని ఆడించడం మానలేదు.

పొద్దు వాలేవేళకు తిరిగొచ్చాను. జనమంతా తోట గట్టు దాకా వచ్చారు. మరియమ్మత్త గంప ఎత్తింది. పాము మా వంక చూడనైనా చూడకుండా మామిడి చెట్ల కిందకి జారిపోయింది. ఒక్క కర్ర లేవలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి నొప్పి అని చెప్పాను.

తర్వాత మరియమ్మత్త పందిట్లోకి వెళ్లి, చార్టులో ఉన్నట్టు పంపు దగ్గర చేతులు కడుక్కుంది. పక్క గదిలో బుజ్జమ్మ సంచిలోనే, ముడి ముడిలాగే ఉండగా, హాయిగా నిద్రపోతోంది. దాన్ని అరచేతుల్లో పెట్టించుకుని, "చల్లగుందిరా, కొత్త కుండలాగా" అంది. ఆ రోజు నేను అనుకున్న కార్యక్రమంలో జరిగింది అదొక్కటే.

నాన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆయన పట్టుబట్టాల్సిన అవసరం కూడా రాలేదు. మా తోటలో జెర్రిపోతు కనపడి ఎవరైనా కర్ర వెతికితే, పక్కవాళ్లు చెయ్యి పట్టుకునేవారు: "ఆగు, ఇది మన ప్రకాషును కరిచి వదిలేసిందేమో." ఆ కరిచింది ఏదో ఎవరికీ గుర్తుపట్టడం రాదు. అందుకని అన్నిటినీ వదిలేసేవారు, ఇప్పటికీ వదిలేస్తున్నారు.

మరియమ్మత్త పోయి మూడేళ్లయింది. బుజ్జమ్మ అంతకు ముందే పోయింది. చర్చిలో ఆవిడలాగే "చూసి పెట్టు బాబూ" అనేది ఇప్పుడు ఆవిడ మనవరాలు, ఆ రోజు చార్టు చదివిపెట్టిన పిల్లే. అచ్చం అదే గొంతు. అందరూ నవ్వుతుంటే నేనొక్కణ్ణే కాసేపు తల దించుకుంటాను, సిగ్గుతో కాదు.

కనుక మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ప్రార్థన జరుగుతుండగా కళ్లు తెరవను. ఒకవేళ తెరిచినా, గంప వైపే చూస్తాను.